బూతులు తిట్టినవాడి మీద పోలీసు చెయ్యి చేసుకోవచ్చా?

గట్టుమీది కాకి

మొన్న శనివారం రాత్రి కళ్ళారా చూసింది రాస్తున్నాను. ఊరు పేరు అడగొద్దు.

జంక్షన్లో బారికేడ్లు పెట్టి బళ్ళు ఆపుతున్నారు. ఫుడ్ డెలివరీ కుర్రాడు ఒకడు దొరికాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. పాత చలానాలు బాకీ ఉన్నాయట. "ఆర్డర్ ఇచ్చొచ్చి కడతా సార్" అని బతిమాలుతున్నాడు. ఈలోగా హోంగార్డు బండి తాళం లాగేసుకున్నాడు. దాంతో వీడికి తిక్క రేగింది. అరుపులు మొదలుపెట్టాడు, తల్లి మీదకి పోయే బూతు ఒకటి వదిలాడు, తాళం కోసం హోంగార్డు చెయ్యి పట్టుకుని గుంజాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు పరిగెత్తుకొచ్చి వాడి చేతులు వెనక్కి విరిచి బారికేడ్‌కి అదిమి పట్టారు. ఇంతవరకూ నాకేమీ తప్పనిపించలేదు.

కుర్రాడు చల్లబడ్డాడు. "సారీ సార్, సారీ" అంటున్నాడు. అప్పుడు జీపులోంచి ఎస్సై దిగి, ఏం జరిగిందని కూడా అడక్కుండా చెంప మీద రెండు పీకాడు. కుర్రాడి ఫోన్ జారి రోడ్డు మీద పడింది. పడ్డాక కూడా మోగుతూనే ఉంది, ఆర్డర్ పెట్టినాయన అనుకుంటా. హ్యాండిల్‌కి తగిలించిన కవర్లోంచి సాంబారు కారుతోంది.

పట్టుకోవడం సరే. ఆ రెండు దెబ్బలు దేనికి?

పాతఖాకీ

ముప్పై ఒక్క ఏళ్ళు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. మీరు చూసింది పది నిమిషాలు. అక్కడ నిలబడ్డవాడు సాయంత్రం ఆరింటి నుంచీ నిలబడి ఉంటాడు. తాగినవాడు మీద పడతాడు, ఇంకొకడు ఎమ్మెల్యే గారికి ఫోన్ కలిపి మన చేతికిస్తాడు. ఒకడు తల్లిని తిట్టి దర్జాగా వెళ్ళిపోతే వెనకాల వచ్చేవాడు బండే ఆపడు. భయం లేకపోతే బారికేడ్ ఉత్త రేకు ముక్క.

నేనూ కొట్టాను, దాచను. కానీ కేసు కట్టలేదు. కేసు పడితే పాస్‌పోర్టు దగ్గర ఆగుతుంది, ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గర ఆగుతుంది. రెండు తగిలించి పంపేస్తే వాడు తెల్లారేసరికి మర్చిపోతాడు. ఏది దయో మీరే చెప్పండి.

ఓరుగల్లు పోరడు

మర్చిపోతాడా? నేను ఇంటర్ చదివేటప్పుడు ట్రిపుల్ రైడింగ్‌కి పడ్డ దెబ్బ నాకింకా యాదికుంది. ఏ చెంప మీదనో కూడా యాదికుంది. చలానా ఎంత కట్టిన్నో మాత్రం యాదికి లేదు.

బ్లాక్‌కోటు

పాతఖాకీ గారూ, మీరు నిజాయితీగా చెప్పారు కాబట్టి నేనూ సూటిగా చెప్తాను. మీరు చెప్పిన దయకు చట్టంలో చోటు లేదు.

అరెస్టుకి ఎదురుతిరిగితే లొంగదీయడానికి కావలసినంత బలం వాడొచ్చు, అది బీఎన్‌ఎస్‌ఎస్ 43వ సెక్షన్. అరెస్టు, దర్యాప్తు ఎలా చేయాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం అది. పాతదాంట్లో ఇది 46. చేతికి దొరికాక పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి కట్టడి చేయకూడదు, అది కొత్తదాంట్లో 46వ సెక్షన్. పాతదాంట్లో 49. కాకి గారు చూసిన దాంట్లో బారికేడ్‌కి అదిమి పట్టడం మొదటిదాని కిందకి వస్తుంది. చెంపదెబ్బ కొట్టొచ్చని ఏ సెక్షనూ చెప్పదు.

కుర్రాడిది తప్పు కాదనడం లేదు. పబ్లిక్‌లో బూతు తిట్టినందుకు బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షల చట్టం) 296 కింద మూడు నెలల దాకా పడొచ్చు. హోంగార్డు చెయ్యి గుంజినందుకు 132 పెట్టొచ్చు, రెండేళ్ళ దాకా, నాన్‌బెయిలబుల్. ఇప్పుడు ఎస్సై సంగతి చూడండి. చెంపదెబ్బ 115(2), ఏడాది దాకా. అయితే అది నాన్‌కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు చెప్పకుండా పోలీసులు దర్యాప్తు చేయరు. కుర్రాడు గుంజితే రాత్రికి రాత్రే లోపలేయొచ్చు. ఎస్సై కొడితే కుర్రాడు డ్యూటీ మానుకుని కోర్టు చుట్టూ తిరగాలి. తూకం ముందే ఒకవైపు మొగ్గి ఉంది, మళ్ళీ దాని మీద చెయ్యెందుకు పెట్టడం?

అన్నట్టు, బండి తాళం లాక్కోమని ఏ సెక్షన్ చెప్పిందో ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటాను. అసలు గొడవ మొదలైంది అక్కడే.

సీత, కాకినాడ

మా తమ్ముడు కానిస్టేబుల్. ఆంధ్రలో వీక్లీ ఆఫ్ అని 2019లో ప్రకటించినప్పుడు మా అమ్మ స్వీట్లు పంచింది. ఆ సంబరం ఎన్నాళ్ళు ఉందో నన్నడగకండి. ఒక జాతర బందోబస్తులో ఎవడో వీడి ముఖం మీద ఉమ్మాడు. వీడు తుడుచుకుని నిలబడ్డాడట. ఇంటికొచ్చాక అన్నం తినలేదు, మర్నాడు చిన్నపిల్ల గ్లాసు కింద పడేస్తే దాన్ని కొట్టాడు. మింగిన కోపం ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది. కొట్టడం రైట్ అని నేననను. కానీ పోలీసుకి కోపం రాకూడదని రాసేవాళ్ళు ఒక్క రాత్రి అక్కడ నిలబడి రాయండి.

బ్లాక్‌కోటు

కోపం రాకూడదని ఎవరన్నారు సీత గారూ? కానీ మీ తమ్ముడు ఆ రోజు తుడుచుకుని నిలబడ్డాడు. ఈ ఎస్సైకి ఎవరూ ఉమ్మలేదు, తిట్టింది కూడా ఆయన్ని కాదు. ఆయన కోపంతో కాదు, అలవాటుతో కొట్టాడు.

గట్టుమీది కాకి

ఇంకో సంగతి. 2020 మే నెలలో విశాఖలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే ప్రభుత్వ డాక్టర్ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి తాడుతో కట్టి, ఆటోలో ఎక్కించిన వీడియో అందరం చూశాం కదా. మాస్కులు లేవని మాట్లాడి, అంతకు ముందు నెలలోనే సస్పెండ్ అయిన మనిషి. తాగి గొడవ చేశాడు, తిట్టాడు అని పోలీసుల మాట. తిట్టాడనే అనుకుందాం. కొట్టిన కానిస్టేబుల్ సస్పెండ్ అయ్యాడు, హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ డాక్టర్ గుండెపోటుతో పోయారు. తిట్లు ఎవరికీ గుర్తులేవు. ఆ తాడు మాత్రం గుర్తుంది.

డాలస్ బావ

ఇక్కడ చెంపదెబ్బలు ఉండవు బ్రదర్, డైరెక్టుగా తుపాకీ మీద చెయ్యి పడుతుంది. అందుకే కారులోనే కూర్చుని చేతులు స్టీరింగ్ మీద పెట్టి "యస్ ఆఫీసర్" అంటాం.

ఇక్కడ అందరూ చెప్పే కేసు ఒకటుంది, గ్రాహమ్ వర్సెస్ కానర్, 1989. గ్రాహమ్ షుగర్ పేషెంట్. జ్యూస్ కోసం షాపులోకి వెళ్ళి, క్యూ పెద్దగా ఉందని వెంటనే బయటికొచ్చాడు. పోలీసుకి అనుమానమొచ్చి ఆపించాడు. ఆ పెనుగులాటలో గ్రాహమ్ కాలి ఎముక విరిగింది. ఇక్కడి సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ క్షణంలో అక్కడున్న పోలీసు కళ్ళతో చూడాలి, తీరిగ్గా కూర్చుని తప్పులు వెతకొద్దు అంది. పోలీసుకి అనుకూలంగా ఉంది కదా? నిజంగానే మళ్ళీ జరిగిన విచారణలో జ్యూరీ పోలీసుల వైపే తీర్పిచ్చింది. అంత అనుకూలమైన కొలత పెట్టి చూసినా, ఆ ఎస్సై దిగిన క్షణంలో కుర్రాడి చేతులు ఎక్కడున్నాయి? వెనక్కి విరిచి ఉన్నాయి. ఏ ప్రమాదం చూశాడు ఆయన?

ఓరుగల్లు పోరడు

పోలీసుల్ని అంటున్నాం గానీ, లాక్‌డౌన్‌లో లాఠీ వీడియోలు ఫార్వర్డ్ చేసి నవ్వింది మనమే. 2019 డిసెంబర్‌లో దిశ కేసు నిందితులది చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ అయితే పోలీసుల మీద పూలు చల్లిన్రు. సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో చెప్పింది, చంపాలనే కాల్చిన్రని. పూలు చల్లినోళ్ళల్ల మా కాలేజీ దోస్తులూ ఉన్నరు. మనకు నచ్చనోడిని కొడితే హీరో, మన తమ్ముడిని కొడితే రౌడీ.

పాతఖాకీ

అందరూ కలిసి నన్ను బారికేడ్‌కి అదిమినట్టుంది. సరే, ఒకటి ఒప్పుకుంటాను. పట్టుకున్నాక కొట్టడం మా రోజుల్లో కూడా మంచి ఎస్సైలు చేసేవాళ్ళు కాదు. "దొరికినవాణ్ణి కొట్టడం మగతనమా" అని మమ్మల్నే తిట్టిన సీఐ దగ్గర పనిచేశాను. కానీ భయం మాట నేను వెనక్కి తీసుకోను.

బ్లాక్‌కోటు గారూ, మరి ఆ కుర్రాడు ఎక్కడికి వెళ్ళాలి? అది కూడా చెప్పండి.

బ్లాక్‌కోటు

పై ఆఫీసరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మానవ హక్కుల కమిషన్‌కి రాయొచ్చు, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేయొచ్చు. జిల్లాకొక పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ పెట్టమని 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ జిల్లాలో దాని ఆఫీసు ఎక్కడో ఎప్పుడైనా చూశారా? ఏ దారిలో వెళ్ళినా ముందు సాక్ష్యం కావాలి. కాకి గారూ, మీరు వీడియో తీశారా?

గట్టుమీది కాకి

తీశాను. నలభై సెకన్లు, ఎస్సై ముఖం కూడా పడింది. వాళ్ళు తాళం ఇచ్చేశాక కుర్రాడి వెనకే వెళ్ళి, సందు మలుపులో ఆపి చూపించాను. స్క్రీన్ పగిలిన ఫోన్ చొక్కాకి తుడుచుకుంటూ చూశాడు. మొదటి దెబ్బ దగ్గర తల తిప్పేసుకున్నాడు. ఎక్కడైనా పెట్టమంటావా అని అడిగాను.

"వద్దన్నా. రాత్రికి ఇంకా నాలుగు ఆర్డర్లున్నాయి, అన్నీ ఆ జంక్షన్ మీంచే."