కోనసముద్రం ఉక్కు ఆనవాళ్లు చూడాలంటే?

ప్రశ్న: నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసలలో (లోహాన్ని కరిగించే మట్టి పాత్రలలో) ఉక్కు తయారుచేసేవారని చదివాను. పిల్లలతో వెళ్తే అక్కడ ఏమి చూడవచ్చో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు: కట్టడాలను ఆశించకండి. చూడవలసినది నేలనే: ఇనుప చిట్టెం (ఇనుము తీయగా మిగిలిన మడ్డి), పగిలిన మట్టి మూసల ముక్కలు.

జవాబు: ఇనుమును కర్బన పదార్థంతో కలిపి, మూసలో బిగించి, గంటల తరబడి కాల్చి నెమ్మదిగా చల్లార్చిన ఈ ఉక్కును జాగ్రత్తగా సాగగొట్టినప్పుడే పశ్చిమాసియాలో పేరొందిన డమాస్కస్ కత్తులపై అలల చారలు తేలేవి. 1820ల నాటికి కూడా పర్షియా వర్తకులు దీనికోసం ఇంత దూరం వచ్చేవారని బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ నమోదు చేశారు. మన కమ్మరుల నైపుణ్యానికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుంది?

జవాబు: పొలాల్లోకి వెళ్లేముందు రైతుల అనుమతి తీసుకోండి. పరిశోధకులకు ఆ ముక్కలే ఆధారాలు కనుక, దయచేసి పిల్లలను ఒక్కటి కూడా ఏరనివ్వకండి.