చెన్నై నుంచి వేలాంకణ్ణికి సైకిలు మీద వెళ్లి రావడానికి ఆరు రోజులు సరిపోతాయా?

వేళచ్చేరి నివాసి:
సంక్రాంతి సెలవులకు మరికొన్ని జతచేసి ఆరు రోజులు సమకూర్చుకున్నాను. తిరువాన్మియూరు నుంచి ఈసీఆర్ (తీరం వెంబడి సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా పుదుచ్చేరి, చిదంబరం, తరంగంబాడి దాటి వేలాంకణ్ణి వరకు సైకిలు తొక్కి, తిరిగి సైకిలు మీదే రావాలన్నది ఆలోచన. ఒక వైపు దూరం సుమారు 300 కిలోమీటర్లు కనుక రోజుకు వంద చొప్పున సరిపోతుందని లెక్క వేశాను. ఇప్పటివరకు నా అనుభవమల్లా ఆదివారం తెల్లవారుజామున మహాబలిపురం వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరడమే. ఈ లెక్కలో నా కంటికి కనబడని లొసుగు ఉందా?

అడయార్ పాతకాపు:
లొసుగు దూరంలో లేదండీ, గాలిలో ఉంది. జనవరిలో ఈ తీరం మీద గాలి ప్రధానంగా ఈశాన్యం నుంచి వీస్తుంది. పుదుచ్చేరి వరకు రోడ్డు కొంత నైరుతికి వాలి సాగుతుంది కనుక వెళ్లేటప్పుడు అది మిమ్మల్ని వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది, ఆ వేగమంతా మన కాళ్లదేనని మనం మురిసిపోతాం. తిరుగు ప్రయాణంలో అదే గాలి ముఖాన కొడుతుంది. కల్పాక్కం దాటాక పాలారు వంతెన మీద గాని, మరక్కాణం ఉప్పుమడుల పక్కన గాని దాన్ని ఆపే చెట్టు ఉండదు. అక్కడ గంటకు 12 కిలోమీటర్లు సాగడమే నాకు గగనమైంది. కనుక వెళ్లడానికి సైకిలు, రావడానికి రైలు అనుకోండి.

కడలూరు దారి:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. రోజుకు సమానంగా వంద అని పంచుకోవద్దు. మొదటి రోజు మహాబలిపురంలో ఆగి, రెండో రోజు సుమారు వంద కిలోమీటర్లు తొక్కి పుదుచ్చేరి చేరి, అక్కడి నుంచి రోజుకు అరవై లోపే పెట్టుకుంటే చిదంబరం ఆలయాన్నీ, తరంగంబాడిలో డేన్మార్క్ వారు 1620లో కట్టడం మొదలుపెట్టిన కోటనూ తీరికగా చూడవచ్చు. పుదుచ్చేరి దాటాక రోడ్డు చాలా చోట్ల సముద్రానికి దూరంగా ఊళ్ల మధ్య నుంచి పోతుంది; కడలూరు దాకా బస్సుల రద్దీ ఎక్కువ కనుక ఆ ముక్కను తెల్లవారుజామునే ముగించండి. చీకటిలో మాత్రం తొక్కకండి.

వేళచ్చేరి నివాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రైలుకే మొగ్గుతున్నాను. సైకిలును రైలులో ఎలా ఎక్కిస్తారు?

ఎగ్మోర్ సామాను:
పార్సిలు కార్యాలయంలో బుక్ చేసి ఇస్తే సామాను పెట్టెలో వేస్తారు. రెండు నిమిషాలు ఆగే స్టేషనులో ఇది జరిగే పని కాదు. అందుకే వేలాంకణ్ణి చూశాక వెనక్కి కారైకాల్ వచ్చి, చెన్నై వైపు రైలు బయలుదేరే చోటనే అప్పగించడం మేలు. ఒకసారి నేను పెడళ్లు విప్పకుండా ఇచ్చాను, దిగేసరికి వెనక చక్రం ఊచలు రెండు వంగి ఉన్నాయి. పెడళ్లు విప్పి, హ్యాండిలు అడ్డంగా తిప్పి, గేరు భాగానికి పాత దుప్పటి చుట్టండి. ఇంకొక మాట, మీ ట్యూబుకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటే దారిలోని పంక్చరు షాపుల పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకోండి.