ఏ దేశంలో మగ టీచర్లు ఎక్కువ? అప్పర్ సెకండరీ లెక్కలు పోల్చడంలో సందేహం

ప్రశ్న – ఎం.ఎడ్. విద్యార్థిని, హనుమకొండ

అందరికీ నమస్కారం. అప్పర్ సెకండరీలో మగ టీచర్లు ఏ దేశంలో ఎంతమంది ఉన్నారన్న దాని మీద సెమినార్ ఇవ్వాలి. యునెస్కో లెక్కల్లోంచి ఇండియా, జపాన్, జర్మనీ, ఇటలీ, సౌదీ అరేబియా తీసుకుని వరుస పెడితే ఇండియా అందరికంటే చాలా పైన వచ్చింది. మా సార్ చూసి, "జనాభా ఎక్కువున్న దేశం పైనుంటది, ఇందులో కొత్తగా తేలిందేంది?" అన్నారు. పైగా ఇది ఇంటర్ లెక్చరర్ల సంఖ్య అనుకుంటే మరీ పెద్దగా ఉంది. సోమవారమే చెప్పాలి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

జవాబు – రిటైర్డ్ జూనియర్ లెక్చరర్, కరీంనగర్

అమ్మా, నీకు వచ్చిన అనుమానం సరైనదే, ముందు దాన్నే పట్టుకో. అప్పర్ సెకండరీ అనగానే మనకు ఇంటర్ ఫస్టియర్, సెకండియర్ గుర్తొస్తాయి గానీ యునెస్కో వర్గీకరణలో ఇండియాకు ఆరు నుంచి ఎనిమిది దాకా లోయర్ సెకండరీ, తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లూ అప్పర్ సెకండరీ. అంటే మా కాలేజీ లెక్చరర్లతో పాటు ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ కూడా అందులోకే వస్తారు. అందుకే అంత పెద్ద సంఖ్య. జపాన్‌లో, జర్మనీలో ఇదే స్థాయి మూడేళ్లు, ఇటలీలో ఐదేళ్లు. పేరు ఒకటే అయినా లోపలున్న తరగతులు ఒకటి కావు.

మన హైస్కూళ్లలో ఇంకో చిక్కుంది. ఒకే సార్ పొద్దున ఆరో తరగతికి చెప్తారు, మూడో పీరియడ్‌లో పదో తరగతికి పోతారు. మనిషి ఒక్కరే, పని రెండు స్థాయిల్లో. ఆయన్ని ఎందులో లెక్కేస్తారన్నది ఆ దేశం పెట్టుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది కాబట్టి టేబుల్ కింద ఇచ్చే వివరణలు వదలకుండా చదువు.

జవాబు – గణాంకాల పని చేసే వ్యక్తి, వరంగల్

సార్ చెప్పినదానికి కలుపుతున్నా. చెల్లె, ఉత్త సంఖ్యను వరుస పెట్టకు. రెండు కాలమ్‌లు చేసుకో: మొత్తం టీచర్లలో మగవారి శాతం ఒకటి, ఆ వయసు పిల్లలు ప్రతి వెయ్యి మందికి మగ టీచర్లు ఎంతమంది అన్నది రెండోది. పిల్లల వయసు అన్ని దేశాలకూ ఒకటే పెడితే లెక్క మళ్లీ చెడిపోతుంది, ఇండియాకు 14 నుంచి 17, జపాన్‌కు 15 నుంచి 17, ఇటలీకి 14 నుంచి 18 తీసుకోవాలి.

కొన్నిచోట్ల స్త్రీల శాతం మాత్రమే దొరుకుతుంది. అప్పుడు మొత్తంలోంచి తీసేయడమే, ఉదాహరణకు మొత్తం 2 లక్షల మంది, స్త్రీలు 58 శాతం అయితే మగవారు 84 వేలు. కానీ ఆ శాతం సెకండరీ మొత్తానిదా, అప్పర్‌దా అని చూసుకో, రెండూ పక్కపక్కనే ఉంటాయి. దశాంశాలు కొట్టేసిన శాతంతో గుణించకు, పది లక్షల మంది ఉన్నచోట అర శాతం తేడా అంటే 5 వేల మంది. ఖాళీ గడి ఉంటే సున్నా వేయొద్దు, ఆ ఏడాది ఆ దేశం నుంచి లెక్క లేదని అర్థం. అన్ని దేశాలకూ ఒకే ఏడాది దొరక్కపోతే దగ్గరి ఏడాది తీసుకుని అది ఏ ఏడాదో పక్కనే రాయి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

చాలా థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. శాతాలు వేసి చూశాను, జపాన్‌లో మగవారు బాగా ఎక్కువ వస్తున్నారు. తప్పు చేశానా?

జవాబు – రిటైర్డ్ జూనియర్ లెక్చరర్, కరీంనగర్

లేదమ్మా, సరిగ్గానే వచ్చింది. జపాన్ హైస్కూళ్లలో ఆడ టీచర్లు మూడో వంతు దగ్గరే ఉంటారు, సంపన్న దేశాల్లో అది అరుదు. లాత్వియా, లిథువేనియా తీసుకుంటే పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ ఆడవాళ్లే ఎక్కువ. సౌదీ సంగతి వేరు. ఆడపిల్లల బడులు, మగపిల్లల బడులు విడివిడిగా ఉంటాయి, మగపిల్లల బడుల్లో మగవారే చెప్తారు, కాబట్టి అక్కడి శాతం ఎవరు ఈ ఉద్యోగం ఇష్టపడుతున్నారన్నది చెప్పదు, బడులు ఎట్లా విడగొట్టారన్నదే చెప్తుంది. ఇది స్లయిడ్ మీద తప్పకుండా రాయి. మన దగ్గర కస్తూర్బా విద్యాలయాల్లో కూడా అంతే, అక్కడ పాఠాలు చెప్పేది మహిళలే, వాటిలో చాలా చోట్ల ఇంటర్ కూడా పెట్టారు.

ఇండియాకు యూడైస్ ప్లస్ నివేదిక, అంటే కేంద్ర విద్యా శాఖ ఇచ్చే బడుల లెక్కలు కూడా చూడు. 2024-25లో అన్ని స్థాయిలూ కలిపి దేశంలో టీచర్లు మొదటిసారి కోటి దాటారు, అందులో సగానికి పైగా స్త్రీలే. ఆ శాతాన్ని తీసుకొచ్చి అప్పర్ సెకండరీకి అంటగట్టకు. ప్రైమరీ వేరు, పై తరగతులు వేరు. అందులో సెకండరీ (తొమ్మిది, పది), హయ్యర్ సెకండరీ (పదకొండు, పన్నెండు) విడిగా ఇస్తారు, నీకు కావాల్సింది ఆ రెండూ కలిపితేనే వస్తుంది, ఇంటర్ ఒక్కటే కావాలంటే హయ్యర్ సెకండరీ వరకే తీసుకుని జపాన్ మూడేళ్లతో పోలుస్తున్నానని ముందే చెప్పెయ్.