ఉచిత ఉపన్యాసం తర్వాత చర్చను ఎలా నడపాలి?

అందరికీ నమస్కారం. సంస్కృతి, సమాజం, వర్తమాన విషయాల మీద నెలకోసారి ఉచిత ఉపన్యాసాలు పెడుతున్నాం. లండన్‌లోని గ్రెషమ్ కాలేజీ 1597 నుంచి జనానికి ఇలా ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పిస్తోందని తెలిశాక మాకూ పట్టుదల పెరిగింది. వక్తలు బాగానే మాట్లాడుతున్నారు. ఇబ్బందల్లా తర్వాతి చర్చతోనే. మైకు చేతికి రాగానే కొందరు ప్రశ్న అడగరు, ఇంకో ఉపన్యాసం మొదలుపెడతారు. రాజకీయ అంశమైతే మరీ టెన్షన్. కొత్తగా వచ్చినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, విద్యార్థులు నోరు విప్పకుండానే వెళ్లిపోతున్నారు. నాకు బాధ కలిగించేది అదే. ప్రశ్నలు చీటీల మీద రాయించుకుందామంటే ఎదురు ప్రశ్న వేసే వీలుండదు, చర్చ చప్పబడుతుంది. పెద్దవాళ్లను నొప్పించకుండా మధ్యలో ఆపడం ఎలా? ఇలాంటి సభలు నడిపినవాళ్లు ఏం చేశారో దయచేసి చెప్పండి.