1977–78 తొలి ప్రపంచ కప్‌ను పాత బయాథ్లాన్ రికార్డుల పక్కన చేర్చవచ్చా?

పాతలెక్కలు:
స్కీల మీద పరుగు, మధ్యమధ్యలో తుపాకితో గురి కలిసిన క్రీడ బయాథ్లాన్. అందులో పురుషుల విజేతల పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. ప్రపంచ చాంపియన్‌షిప్ 1958లో ఆస్ట్రియాలోని జాల్‌ఫెల్డెన్‌లో మొదలైంది. చలికాలం పొడవునా వేర్వేరు చోట్ల జరిగే పోటీల పాయింట్లను కలిపి విజేతను తేల్చే ప్రపంచ కప్ మాత్రం 1977–78లో వచ్చింది, దానిని తూర్పు జర్మనీకి చెందిన ఫ్రాంక్ ఉల్‌రిచ్ గెలిచాడు. చిక్కల్లా తుపాకితోనే వచ్చింది. అంతవరకు సైనికుల పెద్ద తూటా రైఫిల్‌తో 150 మీటర్ల దూరానికి కాల్చేవారు. 1978లో చిన్న తూటా పాయింట్ టూటూ రైఫిల్, 50 మీటర్ల దూరం నియమమయ్యాయి. రెండు కాలాలనూ ఒకే వరుసలో రాయవచ్చా, మధ్యలో గీత గీయాలా?

గురిపెట్టు:
గీత తప్పనిసరిగా గీయాలి. స్కీల మీద కిలోమీటర్ల కొద్దీ ఎగువదిగువలు తిరిగి, గుండె గొంతులో కొట్టుకుంటూ వచ్చిన మనిషి, భుజాన్ని గట్టిగా తన్నే తుపాకిని నిలబడి పట్టుకోవడం ఒక విద్య. తన్నే లేని తుపాకిని మూడో వంతు దూరానికి పేల్చడం వేరొక విద్య. ఈ క్రీడ సైనిక గస్తీ పోటీల నుంచి పుట్టింది, 1924లో షామొనీ ఒలింపిక్స్‌లో జరిగింది ఆ గస్తీ పోటీయే. తుపాకిని మార్చినప్పుడు క్రీడ పేరును కూడా మార్చి ఉండవలసింది.

మంచుబాట:
గురిపెట్టు గారూ, దూరం తగ్గినప్పుడు లక్ష్యం కూడా చిన్నదైందన్న సంగతిని మీరు దాటవేశారు. పైగా చిన్న తూటా చాలా నెమ్మదిగా పోతుంది కనుక 50 మీటర్లలోనే పక్కగాలి దానిని లాగేస్తుంది. కాల్చడం సులువైపోయిందని మీరంటే, 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్ 20 కిలోమీటర్ల పోటీని చూడండి. స్కీయింగ్‌లో అందరికంటే వేగంగా వచ్చిన ఉల్‌రిచ్ 3 గుండ్లు తప్పాడు, ఒక్కో తప్పుకు ఒక్కో నిమిషం కలిసింది. 20కి 20 కొట్టిన సోవియట్ ఆటగాడు అనతోలీ అల్యాబ్యెవ్ దాదాపు 11 సెకన్ల తేడాతో స్వర్ణం తీసుకుపోయాడు. గురికి విలువ తగ్గిందనడానికి ఇందులో ఆధారమేముంది?

ఉత్తరధ్రువం:
మా ఊళ్లో మంచు అంటే ఫ్రిజ్‌లో ఉండేదే. అయినా వదలకుండా చదువుతున్నాను.

గురిపెట్టు:
తమ్ముడూ, నేను విలువ గురించి మాట్లాడలేదు, విద్య గురించి మాట్లాడాను. సోవియట్ ఆటగాడు అలెగ్జాండర్ తిఖొనోవ్ 1968 నుంచి పెద్ద తూటాతో సంపాదించుకున్న చేతివాటం ఒక్క చలికాలంలో ఎందుకూ కొరగాకుండా పోయింది.

మంచుబాట:
అదే తిఖొనోవ్ 1980లో చిన్న తూటాతోనే నాలుగో ఒలింపిక్ రిలే స్వర్ణం గెలిచాడు.

గురిపెట్టు:
నలుగురు పంచుకునే రిలేను ఒక్కరి గురికి సాక్ష్యంగా చూపడం న్యాయం కాదు.

మంచుబాట:
అయితే ఒక్కరినే చూపిస్తాను. ఫిన్లాండ్‌కు చెందిన హైకి ఇకోలా 1975లోనూ 1977లోనూ పాత తుపాకితో 20 కిలోమీటర్ల ప్రపంచ విజేత. 1981లో లాహ్తిలో కొత్త తుపాకితో మళ్లీ అదే పోటీలో విజేత. మీ గీత సరిగ్గా ఆ మనిషి పేరును నిలువునా రెండుగా కోస్తుంది.

పాతలెక్కలు:
ఇకోలా సంగతి నా పట్టికకు నిజంగానే ఇబ్బంది. ఒకే పేరును రెండు చోట్ల రాయవలసి వస్తుంది.

గురిపెట్టు:
రాయండి, తప్పేముంది? ఒకరిద్దరు నెగ్గుకొచ్చారని చెప్పి మిగిలినవారి నష్టాన్ని కొట్టిపారేయకండి. ఇది నాకు పుస్తకాలు చదివితే తెలిసినది కాదు. కళాశాల రోజుల్లో ఒక శిక్షణ శిబిరంలో మూడు వారాలు త్రీనాట్‌త్రీ అనే పెద్ద తూటా రైఫిల్‌తో సాధన చేశాను. కుడి భుజం నల్లగా కమిలిపోతే తువ్వాలు మడిచి చొక్కా లోపల పెట్టుకుని మరీ కాల్చాను. ఎంపిక రోజున ఉదయం అందరికీ పాయింట్ టూటూలు పంచి, ఈసారి వీటితోనే అన్నారు. ముందురోజు సాయంత్రం దిగిన కుర్రాడు ఎంపికయ్యాడు, నేను ఇంటికి బస్సెక్కాను. నియమం మారింది అన్న మాట చెప్పేవారికి ఎంత తేలికో, వినేవారికి తెలుస్తుంది.

మౌనశ్రోత:
మీ భుజం నొప్పికి ఉల్‌రిచ్ ఏం చేశాడండీ?

గురిపెట్టు:
ఎగతాళి చేసేవారితో నాకు చర్చ లేదు. కష్టపడి నేర్చుకోవడం చేతకానివారే నియమాలను మెత్తబరుస్తారు, ఆ తరువాత దానిని అభివృద్ధి అంటారు. మంచుబాట తమ్ముడి వాదన కూడా అంతకు మించి ఏమీ కాదు.

మంచుబాట:
నేను తమ్ముణ్ని కాను. మీరు చెప్పినలాంటి శిబిరానికే నేనూ వెళ్లాను. అమ్మాయిలు మోయలేరు, దాని తన్నును తట్టుకోలేరు అని మమ్మల్ని త్రీనాట్‌త్రీ దగ్గరకు కూడా రానివ్వలేదు. పాయింట్ టూటూ లేకపోతే నేను జీవితంలో ఒక్క గుండు కూడా కాల్చి ఉండేదాన్ని కాదు. పెద్ద తూటాకు గుండు దూసుకుపోయేంత మేర వెనుక ఖాళీ నేల కావాలి, తూటాల ఖర్చు భరించాలి, అనుమతులు కావాలి. అవన్నీ సైన్యం దగ్గరే ఉంటాయి. చిన్న తూటా వచ్చాక ఊరి స్కీ క్లబ్బు కూడా ఒక మైదానం కట్టుకోగలిగింది. మహిళల ప్రపంచ కప్ 1982–83లో మొదలైంది, 1984లో షామొనీలో మహిళల తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. పెద్ద తూటాయే కొనసాగి ఉంటే ఇవి అంత త్వరగా వచ్చేవని నేను నమ్మను. మీరు మెత్తబరచడం అంటున్నది నాకు తలుపు తెరవడంలా కనిపిస్తోంది.

ఉత్తరధ్రువం:
ఇంతసేపూ తుపాకి గురించి వాదిస్తున్నారనుకున్నాను.

గురిపెట్టు:
అమ్మా, తమ్ముడూ అని పిలిచినందుకు, చేతకానివారన్నందుకు క్షమించండి, ఆ రెండూ నా తప్పులే. మిమ్మల్ని ఆ తుపాకి దగ్గరకు రానివ్వకపోవడం అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను. అయితే కొత్తవారికి తలుపు తెరిచినప్పుడు లోపల అప్పటికే కూర్చున్నవారిని లేవగొట్టారా లేదా అన్నది నా ప్రశ్న, దానికి మీరింకా జవాబు చెప్పలేదు.

మంచుబాట:
కొందరిని లేవగొట్టే ఉంటారు. ఇకోలా మాత్రం లేవలేదు.

పాతలెక్కలు:
1977కు, 1978కి మధ్య చుక్కల గీత పెడుతున్నాను. ఇకోలా పేరు కింద మూడు సంవత్సరాలూ ఒకేచోట ఉంటాయి.

గురిపెట్టు:
చుక్కల గీతను గీత అనరు.