2015 గోల్ఫ్ జీటీఐకి టోబార్ (ట్రైలర్ తగిలించే కడ్డీ) వేసి చిన్న ట్రైలర్ లాగాలంటే ముందు ఏం చూసుకోవాలి?

రీడింగ్_కుర్రోడు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటాం. బండి 2015 గోల్ఫ్ జీటీఐ, ఎంకే7 (ఏడో తరం), ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 62,000 మైళ్లు. డీఎస్‌జీ ఆయిల్ 40,000 దగ్గర మార్చినట్టు సర్వీస్ బుక్కులో ఉంది. తోట చెత్త కౌన్సిల్ టిప్‌కి (చెత్త పడేసే చోటికి) వేసి రావడానికి, అప్పుడప్పుడు సిమెంటు, కలప తెచ్చుకోవడానికి బ్రేకులు లేని చిన్న ట్రైలర్ చూశాను. గ్రాస్ (లోడుతో కలిపి గరిష్ఠ బరువు) 500 కిలోలు, ఖాళీగా 110. మూడు డౌట్లు. ఈ బండి దానికి సరిపోతుందా? టోబార్ వేయించే ముందు ఏ సర్వీసులు చేయించాలి? వైరింగ్‌కి చవక బైపాస్ రిలే (కారు లైట్ల సిగ్నల్‌ని ట్రైలర్ లైట్లకి అందించే పెట్టె) చాలా, లేక బండికి తగ్గ అసలు కిట్టే కావాలా? 30 ఎంఎం లోయరింగ్ స్ప్రింగ్‌లు కూడా వేయిద్దామనుకుంటున్నా, దానికీ దీనికీ ఏమైనా తేడా వస్తుందా?

టోబాల్_50:
ఇంజిన్ గురించి బెంగ వద్దు బ్రదర్, అర టన్ను దానికి లెక్కలోది కాదు. చూడాల్సినవి కాగితాలు, బరువులు.

డోరు తెరిస్తే పిల్లర్ మీద ఒక ప్లేటో స్టిక్కరో ఉంటుంది. అందులో వరసగా నాలుగు బరువులు. మొదటిది మనుషులు, సామానుతో కలిపి కారు మోయగల మొత్తం. రెండోది కారు, ట్రైలర్ కలిపి. మూడు, నాలుగు ముందు వెనక యాక్సిల్‌లవి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే, కారు నిండా లోడు ఉన్నప్పుడు ట్రైలర్‌కి మిగిలేది వస్తుంది. రెండో అంకె లేకపోయినా, సున్నా ఉన్నా ఆ కారుతో ట్రైలర్ లాగకూడదనే అర్థం. స్పోర్టీ మోడళ్లలో అలాంటివి ఉంటాయి కాబట్టి "మామూలు గోల్ఫ్ లాగుతుంది కదా" అన్న లెక్క పనికిరాదు, మీ ప్లేటే చూడండి. వీ5సీలో (కారు రిజిస్ట్రేషన్ పత్రం) ఓ.1, ఓ.2 గళ్లు కూడా చూడండి. ఓ.1 బ్రేకులున్న ట్రైలర్‌కి, ఓ.2 లేనిదానికి. చట్టం ప్రకారం బ్రేకులు లేని ట్రైలర్ 750 కిలోలు దాటకూడదు, కారు కెర్బ్ బరువులో (ఖాళీ కారు బరువు) సగం కూడా దాటకూడదు. రెండిట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

మీ ట్రైలర్‌లో వేసుకోగలిగేది 390 కిలోలే. 25 కిలోల సిమెంటు బస్తాలు 15 వేస్తే 375, అక్కడితో సరి. బిల్డర్ల దగ్గర దొరికే ఇసుక బల్క్ బ్యాగ్ ఒక్కటే సుమారు 800 కిలోలు ఉంటుంది, దాని వైపు చూడకండి. తడిసిన మట్టి, గడ్డి కూడా ఇట్టే మోసం చేస్తాయి. ట్రైలర్ సగమే నిండినట్టు కనిపిస్తుంది, బరువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఎక్కువ మంది వదిలేసేది నోస్‌వెయిట్, అంటే ట్రైలర్ ముందున్న కప్లింగ్ (కొక్కెం) టోబార్ చివరి గుండు, అదే టోబాల్, మీద మోపే బరువు. లోడుతో కలిపి ట్రైలర్ ఎంత ఉందో అందులో 5 నుంచి 7 శాతం ఉండాలి. 400 కిలోలైతే 20 నుంచి 28. కొలవడానికి బాత్‌రూమ్ తూకం చాలు. లోడు వేశాక ట్రైలర్‌ని సమతలం మీద, చక్రాలకి అడ్డు పెట్టి నిలబెట్టండి. కప్లింగ్ కింద తూకం పెట్టి, మధ్యలో ఒక కర్రముక్క నిలబెట్టండి. కప్లింగ్ సరిగ్గా టోబాల్ ఎత్తులో ఆగేలా ఆ కర్రని కోసుకోవాలి. కర్ర పొడవు తప్పితే అంకె కూడా తప్పే. తక్కువ వస్తే సామాను కాస్త ముందుకి, ఎక్కువ వస్తే వెనక్కి జరపండి. బరువైనవి ఎప్పుడూ యాక్సిల్ మీదా, అడుగునా ఉండాలి. వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ పాములా ఊగుతుంది. ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, గట్టిగా బ్రేక్ కొట్టారా ఇంకా పెరుగుతుంది. నోస్‌వెయిట్ కారు మోసే బరువులోకే వస్తుంది సుమా. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే వెనక యాక్సిల్ అంకె ముందే దాటిపోవచ్చు.

స్పానర్_మామ:
ఈ ఇంజిన్ ఈఏ888 మూడో తరం. టోబార్ సంగతి తర్వాత, ముందు కూలెంట్ చూడండి. ఇందులో వాటర్ పంపు, థర్మోస్టాట్ రెండూ ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. అది చిన్నగా చెమర్చడం ఈ ఇంజిన్లలో బాగా తెలిసిన సంగతే. కారు చల్లబడ్డాక టార్చ్ వేసి ఆ మూల చూడండి. గులాబీ, ఊదా రంగులో ఎండిన చారలు, గేర్‌బాక్స్ పైభాగంలో తడి కనిపిస్తే అదే. వేడిగా ఆపినప్పుడు తియ్యటి వాసన కూడా వస్తుంది. మామూలు డ్రైవింగ్‌లో నెలకి కాస్త తగ్గే కూలెంట్, ఎత్తు రోడ్డు మీద ట్రైలర్‌తో వెళ్తే గంటలో ఖాళీ కావచ్చు. మార్చితే హౌసింగ్ మొత్తం, దాని చిన్న పళ్ల బెల్టుతో సహా మార్చాలి, ఒక్క సీల్‌తో సరిపెట్టొద్దు. నింపడానికి జీ12ఈవో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

అలాగే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ లోపల సిలికా సంచి ఉంటుంది. అది చిరిగితే గింజలు హీటర్ మ్యాట్రిక్స్‌లోకి (లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) వెళ్లి అడ్డుపడతాయి, హీటర్ ఒకవైపు చల్లగా వీస్తుంది. ఆ లక్షణం లేకపోయినా వాటర్ పంపు పని చేయించేటప్పుడే ట్యాంక్ మార్చేయండి. ఖర్చు తక్కువ, తర్వాతి తలనొప్పి చాలా పెద్దది.

ఆయిల్ 5.7 లీటర్లు, వీడబ్ల్యూ 504 00 ప్రమాణం ఉన్న 5డబ్ల్యూ-30. లాంగ్‌లైఫ్ షెడ్యూల్‌లో (ఆయిల్ ఎక్కువ కాలానికి మార్చే పద్ధతి) ఉంటే తీసేసి 10,000 మైళ్లు లేదా ఏడాదికి మార్చండి. ఆయిల్ పాన్ ప్లాస్టిక్‌దైతే డ్రెయిన్ ప్లగ్ పావు చుట్టు తిప్పే రకం, ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదే బిగిస్తే కారుతుంది. ఫిల్టర్ పైనే ఉంటుంది, మూత 25 న్యూటన్ మీటర్లు. స్పార్క్ ప్లగ్‌లు 40,000 మైళ్లకి లేదా నాలుగేళ్లకి, బుక్కులో ఆ ఎంట్రీ లేకపోతే ఇప్పుడే మార్చండి. పాత ప్లగ్‌లు ఎత్తులో పూర్తి బూస్ట్ దగ్గరే మిస్‌ఫైర్ చూపిస్తాయి, ఇంటి చుట్టూ తిరిగితే తెలియదు.

డీఎస్‌జీ మీకు డీక్యూ250, తడి క్లచ్‌ల రకం. లెక్క ప్రకారం మళ్లీ 80,000 మైళ్లకి. ట్రైలర్ లాగుతారు కాబట్టి నేనైతే ఇప్పుడే మారుస్తాను. సుమారు 5.2 లీటర్లు, కొత్త ఫిల్టర్. ఇంజిన్ నడుస్తూ, గేర్‌బాక్స్ ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పొంగడం ఆగేంతవరకు వదలాలి. చల్లగా ఉండగానో, మరీ వేడెక్కాకో లెవెల్ చూసే గ్యారేజీ అయితే మీరు డబ్బిచ్చి తప్పు లెవెల్ కొనుక్కుంటున్నట్టే.

బ్రేకులు మాత్రం మర్చిపోవద్దు. ట్రైలర్‌కి బ్రేకులు లేవంటే ఆ అర టన్నునీ మీ కారు ప్యాడ్‌లే ఆపాలి. ఫ్లూయిడ్ రెండేళ్లు దాటితే మార్పించండి, ముందు ప్యాడ్‌లు 4 ఎంఎం దగ్గరికొస్తే అప్పుడే తీసేయండి.

బాక్స్_నాలెడ్జ్:
స్పానర్ మామ చెప్పిన వాటిల్లో ఒక్కదాంతో ఏకీభవించను. 62,000 దగ్గర డీఎస్‌జీ ఆయిల్ తొందరేం లేదు. నెలకి రెండుసార్లు టిప్‌కి వెళ్లే 500 కిలోలకి షెడ్యూల్ ముందుకి జరపక్కర్లేదు. క్లచ్‌లని వేడెక్కించేది లాగడం కాదు, పాకించడం. ఎత్తు డ్రైవ్‌వేలో ట్రైలర్‌ని రివర్స్‌లో అంగుళం అంగుళం తోయడమే దానికి అసలు శిక్ష. కాస్త తోసి, బ్రేక్ వేసి పూర్తిగా ఆపి, మళ్లీ తోయండి. యాక్సిలరేటర్‌తో ఎత్తులో నిలబెట్టొద్దు, ఆటోహోల్డ్ వాడండి. ఓబీడీ టూల్ (కారు కంప్యూటర్‌ని చదివే పరికరం) ఉంటే 02 మాడ్యూల్‌లో (గేర్‌బాక్స్ కంప్యూటర్) గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూడొచ్చు, రివర్స్‌కి ముందూ తర్వాతా పోల్చుకుంటే మీకే అర్థమవుతుంది. చిన్న ట్రైలరే కాబట్టి చివరి పది మీటర్లు విప్పి చేత్తో తోసేయడం ఇంకా తేలిక.

రీడింగ్_కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అందరికీ. వైరింగ్, స్ప్రింగ్‌ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఫ్యూజ్_పోయింది:
స్ప్రింగ్‌లు ముందు. లోడుతో ఉన్న కారుకి టోబాల్ మధ్య భాగం నేల నుంచి 350 నుంచి 420 ఎంఎం ఎత్తులో ఉండాలి. 30 ఎంఎం దించితే, పైన నోస్‌వెయిట్, డిక్కీ సామాను పడితే 350 కిందికి పోయే అవకాశం బాగా ఉంది. ట్రైలర్ ముక్కు కిందికి వాలిపోతుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర టోబార్ గీసుకుంటుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

టోబార్ టైప్ అప్రూవ్డ్‌దే (ఆ కారుకి అధికారికంగా ఆమోదించినదే) కావాలి, 1998 ఆగస్టు 1 తర్వాత వచ్చిన కార్లకి అది తప్పనిసరి. విప్పదీసే మెడ ఉన్నది తీసుకోండి. బిగించని రోజుల్లో పార్కింగ్ సెన్సార్లు గోల చేయవు, నంబర్ ప్లేట్‌కి అడ్డం రాదు.

బైపాస్ రిలేతో లైట్లు వెలుగుతాయి, అంతవరకే. ట్రైలర్ కట్టినట్టు కారుకి తెలియదు కాబట్టి రివర్స్‌లో వెనక సెన్సార్లు ట్రైలర్‌ని చూసి మోగుతూనే ఉంటాయి, ఈఎస్‌సీలోని (కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) ట్రైలర్ స్టెబిలిటీ పని చేయదు. అసలు కిట్ వేస్తే 69 మాడ్యూల్ (ట్రైలర్ కంప్యూటర్) కొత్తగా వస్తుంది. దాన్ని 19 గేట్‌వే ఇన్‌స్టలేషన్ లిస్టులో టిక్ చేసి, ఏబీఎస్‌లో, పార్కింగ్ మాడ్యూల్‌లో కోడింగ్ చేయాలి. కోడింగ్ చేయకుండా ఇచ్చేస్తే సగం పనే అయినట్టు. ముందే అడిగి రసీదు మీద రాయించుకోండి.

కారుకి 13 పిన్ సాకెట్ వేయించి, ట్రైలర్‌కి 7 పిన్ ఉంటే అడాప్టర్ వాడండి, పని అయ్యాక తీసేయండి, లేకపోతే నీళ్లు చేరి పచ్చగా పట్టేస్తుంది. 7 పిన్ రంగులు: 1 పసుపు ఎడమ ఇండికేటర్, 2 నీలం ఫాగ్, 3 తెలుపు ఎర్త్, 4 ఆకుపచ్చ కుడి ఇండికేటర్, 5 గోధుమ కుడి టెయిల్, 6 ఎరుపు బ్రేక్, 7 నలుపు ఎడమ టెయిల్. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా మసకగా మినుకుమంటుంటే బల్బులు మార్చుకుంటూ కూర్చోవద్దు, మూడో పిన్ ఎర్త్ శుభ్రం చేయండి. పదికి తొమ్మిదిసార్లు అదే.

టోబాల్_50:
మిగిలినవి ఇవి. టోబార్ సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి. మీ బ్రిటిష్ కారు లైసెన్స్ చాలు, 2021 డిసెంబర్ 16 నుంచి 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగొచ్చు. సింగిల్ క్యారేజ్‌వేలో (మధ్యలో డివైడర్ లేని రోడ్డు) గంటకి 50 మైళ్లు, డ్యూయల్ క్యారేజ్‌వే, మోటార్‌వేల్లో 60. మూడు లేన్ల మోటార్‌వేలో కుడి చివరి లేన్ మీది కాదు. ట్రైలర్ వెనక మీ కారు నంబరుతో పసుపు ప్లేట్ పెట్టాలి. బ్రేకులు లేనిదానికి సెకండరీ కప్లింగ్, అంటే చెయినో కేబులో ఉండాలి. కప్లింగ్ ఊడితే డ్రాబార్ (ట్రైలర్ ముందు కడ్డీ) నేలని తాకనంత పొట్టిగా, మలుపుల్లో లాగి పట్టనంత వదులుగా.

కారు వెనక టైర్లలో గాలి పెట్రోల్ మూత స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి రాసినంత పెట్టండి. చక్రాల బోల్ట్‌లు 120 న్యూటన్ మీటర్లు. ట్రైలర్ చక్రాల బిగింపు వేరే, దాని బుక్కు చూసి బిగించి, మొదటి 30 మైళ్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. వాడిన ట్రైలర్ కొంటుంటే టైరు పక్కగోడ మీద డీఓటీ నంబరు చివరి నాలుగంకెలు చదవండి, 2316 అంటే 2016లో 23వ వారం. ట్రెడ్ (టైరు గాడులు) బాగున్నా పక్కగోడ పగిలితే అది పోయినట్టే. చక్రం పైకెత్తి చేత్తో తిప్పండి, గరగర శబ్దం వస్తే బేరింగ్ మార్చాకే రోడ్డెక్కించండి.