జ్వరమని చెప్పి పెళ్లికి వెళ్లొచ్చాను, ఇప్పుడు సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తున్నాను. మా పిన్ని కూతురి పెళ్లి మండపేటలో. నెలాఖరు పని ఉందని సెలవు ఇవ్వలేదు. చేసేది లేక పొద్దున్నే ముక్కు మూసుకుని మేనేజర్‌కి ఫోన్ చేసి, వైరల్ ఫీవర్ అని చెప్పాను. సరిగ్గా అప్పుడే వెనకాల సన్నాయి మొదలైంది! పక్కింట్లో పెళ్లండీ అన్నాను. అది నిజమే కదా, ఇల్లే వేరు.

మూడు రోజులకి తిరిగొచ్చాను. బ్యాగులో తాపేశ్వరం కాజాల డబ్బా ఉంది, ఆఫీసులో తీయడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. నాకు ఈఎస్‌ఐ (ప్రభుత్వ ఉద్యోగి బీమా పథకం) ఉంది. అర్హత ఉంటే రోగం వచ్చినప్పుడు 70 శాతం జీతం వాళ్లే ఇస్తారు గానీ, దానికి డాక్టర్ చూసి రాసివ్వాలి. తగ్గిపోయిన జ్వరానికి, అసలు రాని జ్వరానికి ఎవరు రాస్తారు? మా రూమ్మేట్ మూడొందలకి రాయించి పెడతానంటున్నాడు. దొంగ కాగితం ఇస్తే కేసు కూడా అవుతుందని భయంగా ఉంది.

ఉన్నది చెప్పి, ఆ మూడు రోజులూ జీతం కోసుకోమంటే సరిపోతుందా? ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే అయింది. ఇలా ఒప్పుకున్నవాళ్లు ఉంటే మేనేజర్‌తో మాట ఎలా మొదలుపెట్టారో చెప్పరూ.